చిన్న కథని మోసేది ఏ జ్ఞాపకం?

నెల్లూరు టౌన్‌హాల్లో కథల పుస్తకం ఆవిష్కరణ జరిగినా, ఒంగోలులో కథల పోటీ బహుమతుల సభ జరిగినా, వక్తల్లో ఒకరైనా ఈ మాట అనకుండా వేదిక దిగరు: ‘ఈ కాలంలో జనానికి జ్ఞాపకం తగ్గింది, ఓపిక తగ్గింది. నవల ఎవరు చదువుతారు? అందుకే కథ నిలబడింది. రేపు కథ కూడా పోయి పోస్టుకార్డులో పట్టే కార్డు కథ మిగులుతుంది.’ చప్పట్లు కూడా బాగానే పడతాయి. పొట్టి జ్ఞాపకానికి పొట్టి కథ అంటే వినడానికి సబబుగానే ఉంటుంది మరి. కానీ జ్ఞాపకం మీద డెబ్బై ఏళ్ళుగా జరిగిన పరిశోధనని దగ్గర పెట్టుకుని చూస్తే ఈ లెక్క కుదరదు. కథ పొడవుకీ, మనస్తత్వ శాస్త్రజ్ఞులు స్వల్పకాలిక జ్ఞాపకం అని పిలిచేదానికీ నేరుగా సంబంధం లేదు. సంబంధం ఉన్నది వాక్యంతో, పేర్లతో, సర్వనామాలతో. కథ మొత్తాన్ని మోసేది వేరే జ్ఞాపకం.

ముందు కొలతలు చూద్దాం. 1956లో జార్జ్ మిల్లర్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు, మనిషి ఒక్కసారి విని వెంటనే తిరిగి చెప్పగలిగే అంశాలు ఏడు, అటూ ఇటుగా ఇంకో రెండు అని రాశాడు. ఆ ఏడు అంకె ఎంత ప్రచారమైందంటే ఇప్పటికీ వ్యక్తిత్వ వికాసం క్లాసుల్లో మంత్రంలా వల్లిస్తుంటారు. తర్వాత 2001లో నెల్సన్ కోవన్ అందుబాటులో ఉన్న ప్రయోగాలన్నీ జల్లెడ పట్టి, లోపల గొణుక్కోవడం, ముక్కల్ని కలిపి మూట కట్టుకోవడం లాంటి కిటుకులు తీసేస్తే మిగిలేది నాలుగేనన్నాడు. ఇక ఎంతసేపు ఉంటుందన్నది 1959లో పీటర్సన్ దంపతులు చూశారు. మూడు హల్లులు చెప్పి, వాటిని లోపల వల్లె వేసుకోకుండా ఒక పెద్ద సంఖ్య నుంచి మూడేసి చొప్పున వెనక్కి లెక్కపెట్టమన్నారు. 18 సెకన్లు గడిచేసరికి ఆ మూడు అక్షరాలూ చాలావరకు చెరిగిపోయాయి.

వారపత్రిక కథ చదవడానికి అరగంట పడుతుంది. ఒంగోలులో పినాకిని ఎక్కి కథ మొదలుపెడితే కావలి రాకముందే అయిపోతుంది. అరగంటకీ 18 సెకన్లకీ నూరు రెట్ల తేడా. కార్డు కథ చదవడానికి కూడా 18 సెకన్లు చాలవు. కాబట్టి ‘జ్ఞాపకం చిన్నది గనక కథ చిన్నది’ అన్న మాట మొదటి అడుగులోనే తప్పుతుంది. ఆ జ్ఞాపకానికి తగ్గట్టు సాహిత్యం రాయాల్సి వస్తే సామెతల దగ్గరే ఆగిపోవాలి.

1974లో అలన్ బాడ్లీ, గ్రాహం హిచ్ అనే ఇద్దరు బ్రిటిష్ పరిశోధకులు ఈ స్వల్పకాలిక జ్ఞాపకాన్ని వట్టి నిలవ ఉంచుకునే చోటుగా కాకుండా పని చేసుకునే చోటుగా చూడాలన్నారు. వర్కింగ్ మెమరీ అన్న పేరు అక్కణ్ణించే స్థిరపడింది. మన జిల్లాల వాళ్ళకి ఇది సులువుగా తెలియాలంటే మార్కాపురం పలకని తలుచుకుంటే చాలు. నాలుగు ముక్కలు రాస్తే నిండిపోతుంది, అయిదోది రాయాలంటే ఏదో ఒకటి చెరపాలి. లెక్క చేసుకోవడానికి పలక కావాలి గానీ, ఆస్తి పత్రాలు ఎవరూ పలక మీద రాసి దాచుకోరు.

ఈ పలకలో ఒక భాగం శబ్దానిది. విన్నదాన్నీ చదివినదాన్నీ లోపల గొంతుతో తిప్పుకుంటూ ఉంచే భాగం. రెండు సెకన్లలో నోటితో ఎంత అనగలమో సుమారుగా అంతే అందులో పడుతుందని బాడ్లీ బృందం 1975లో చూపించింది. పొడుగు మాటలైతే తక్కువ, పొట్టి మాటలైతే ఎక్కువ. వేల్స్ భాషలో అంకెల పేర్లు పలకడానికి ఇంగ్లీషు కన్నా కాస్త ఎక్కువసేపు పడుతుంది కాబట్టి ఆ భాషలో అంకెలు గుర్తుపెట్టుకునే సామర్థ్యం తక్కువగా తేలుతుందని 1980లో ఇంకో ఇద్దరు కనుక్కున్నారు. ఫోన్ నంబరు చెప్పేటప్పుడు నెల్లూరు ట్రంకు రోడ్డులో కూరగాయలమ్మే ఆవిడ కూడా ‘నైన్ ఎయిట్ ఫోర్’ అంటుందే తప్ప ‘తొమ్మిది ఎనిమిది నాలుగు’ అనదు. దానికి కారణాలు చాలా ఉండొచ్చు. నోటికి పొట్టిగా ఉండటం మాత్రం వాటిలో ఒకటి కాకుండా పోదు.

కథని ఈ పలక మొయ్యడం లేదని గట్టిగా చెప్పడానికి ఆధారం ప్రయోగశాలల్లో కన్నా ఆసుపత్రుల్లో ఎక్కువ దొరికింది. 1953లో అమెరికాలో మూర్ఛ తగ్గించడానికని ఒక యువకుడికి మెదడు ఆపరేషన్ చేశారు. హిప్పోక్యాంపస్ అనే భాగం రెండు వైపులా చాలావరకు తీసేశారు. పరిశోధన పత్రాల్లో హెచ్.ఎం. అని పిలిచిన ఈయన పేరు హెన్రీ మొలైసన్ అని 2008లో ఆయన చనిపోయాకే బయటికి వచ్చింది. ఆపరేషన్ తర్వాత కూడా ఆయన అంకెలు వినగానే తిరిగి చెప్పేవాడు, మాట్లాడేవాడు, జోకులకి నవ్వేవాడు. అంటే స్వల్పకాలిక జ్ఞాపకం భేషుగ్గా ఉంది. కానీ చదివిన పత్రికనే మళ్ళీ మళ్ళీ చదివేవాడు, ప్రతిసారీ అది ఆయనకి కొత్తే. 1957లో స్కోవిల్, మిల్నర్ రాసిన పత్రంలో ఈ పత్రికల సంగతి స్పష్టంగా ఉంది.

దీనికి సరిగ్గా ఎదురు కేసు 1970లో వచ్చింది. కె.ఎఫ్. అనే బ్రిటిష్ రోగికి మోటార్‌సైకిల్ ప్రమాదంలో మెదడు ఎడమ వైపు దెబ్బ తగిలింది. రెండు అంకెలు చెప్పి తిరిగి అనమంటే తడబడేవాడు. పలక దాదాపు పగిలిపోయినట్టే. అయినా కొత్త విషయాలు నేర్చుకోవడంలో, దీర్ఘకాలంలో గుర్తుపెట్టుకోవడంలో ఆయనకి పెద్ద ఇబ్బంది లేదు. ఇలాంటిదే పి.వి. అనే ఇటాలియన్ మహిళ కథ. మామూలు మాటలన్నీ ఆమెకి అర్థమయ్యేవి. మాటల వరుస కచ్చితంగా గుర్తుంటే తప్ప అర్థం తేలని పొడుగాటి వాక్యాల దగ్గర మాత్రమే తికమకపడేది.

ఈ ముగ్గురినీ పక్కపక్కన పెడితే విషయం తేటగా కనపడుతుంది. పలక బాగున్న మనిషికి నిన్న చదివిన కథ ఇవాళ లేదు. పలక పగిలిన మనిషి రోజువారీ కబురూ కాకరకాయా మామూలుగానే అందుకున్నాడు. స్వల్పకాలిక జ్ఞాపకం లేకపోతే చదివేటప్పుడు ముఖ్యంగా చిక్కొచ్చేది పొడుగు వాక్యం దగ్గరే. కథల గురించి మాట్లాడేవాళ్ళు జ్ఞాపకాన్ని పేజీల దగ్గర వెతుకుతారు గానీ అసలు వెతకాల్సింది వాక్యం దగ్గర.

వాక్యం పలక మీద ఉండేది కూడా కాసేపే. 1967లో జాక్వెలిన్ సాక్స్ చేసిన ప్రయోగంలో, గెలీలియో గురించిన ఒక భాగం వినిపించి మధ్యలో ఆపి, ఒక వాక్యం చూపించి ఇది ఇందాక విన్నదేనా, మారిందా అని అడిగారు. వాక్యం విన్న వెంటనే అడిగితే చిన్న మార్పు కూడా పట్టేశారు. ఇంకో 80 అక్షరాలంత పాఠం గడిచాక అడిగితే కర్తరిని కర్మణి చేసినా గుర్తుపట్టలేకపోయారు. కానీ గెలీలియోకి వేరొకతను ఉత్తరం రాశాడన్నదాన్ని, గెలీలియోనే అతనికి రాశాడని తిప్పితే మాత్రం వెంటనే పట్టుకున్నారు. అర్థం నిలిచింది, మాటలు పోయాయి. అదీ అరనిమిషంలోపే.

వాక్యం వాక్యం చెక్కే రచయితలకి ఇది చేదు వార్తే. అయితే చిన్న ఊరట ఉంది. 1977లో జానిస్ కీనన్ బృందం ఒక మామూలు చర్చలో జరిగిన సంభాషణని తీసుకుని చూస్తే, సమాచారం చెప్పే మాటలు మరుపున పడ్డాయి గానీ ఎత్తిపొడుపులూ జోకులూ యథాతథంగా గుర్తున్నాయి. మనిషి మనిషి మీద విసిరిన మాట మాటగానే మిగులుతుంది. ‘మామ భోజనం చేయకుండా వెళ్ళిపోతున్నందుకు ఆమె నొచ్చుకుంది’ అని రాస్తే సారం మిగిలి వాక్యం పోతుంది. ‘ఏంది మామా, నీళ్ళు తాగి పోతా ఉండావా? మా ఇంట్లో అన్నం ఎంగిలా?’ అని రాస్తే ఆ ముక్క ముక్కగానే ఉంటుంది. ఈ జిల్లాల కథల్లో కథనం కన్నా సంభాషణలే పాఠకులకి నోటికి వస్తాయంటే, యాస అందం ఒక్కటే కారణం కాదు. ఆ మాటల్లో ఎప్పుడూ ఎవరో ఒకరు ఎవరినో ఒకరిని పొడుస్తూనే ఉంటారు.

ఇక తెలుగు వాక్యం సంగతి. మన క్రియ చివర్లో వస్తుంది, విశేషణాలన్నీ నామానికి ముందే పేర్చుకుంటూ పోతాం. ఈ వాక్యం చూడండి: ‘పెంచలయ్య మూలాపేటలో ఉన్న తన అక్క కూతురి పెళ్ళికని దాచిన పట్టుచీరని ఎత్తుకుపోయిన పనిమనిషి తమ్ముడు కూర్చునే షాపు యజమానితో మాట్లాడాడు.’ వ్యాకరణ దోషం ఒక్కటీ లేదు. కానీ చదివేవాళ్ళకి మొదట పెంచలయ్యే మూలాపేటలో ఉన్నట్టుంటుంది, తర్వాత చీర దాచింది ఆయనేననిపిస్తుంది, ఆ తర్వాత కాసేపు ఎత్తుకుపోయిన దొంగ కూడా ఆయనే అవుతాడు. పనిమనిషి వచ్చాక గానీ ఆయన మీద అనుమానం పోదు. పెంచలయ్యని మొదట్లో పలక మీద రాసుకుని, చివరి మాట దాకా చెరపకుండా, మధ్యలో మిగతావన్నీ రాసి చెరుపుతూ రావాలి. అదే ‘మూలాపేటలో అక్క కూతురి పెళ్ళికని దాచిన పట్టుచీర పోయింది. తీసింది పనిమనిషి. ఆమె తమ్ముడు కూర్చునే షాపు యజమానితో పెంచలయ్య మాట్లాడాడు’ అని విరిస్తే బరువు దిగిపోతుంది.

అయితే తప్పంతా క్రియని చివర పెట్టిన భాషదేననడం తొందరపాటు. కర్తకీ క్రియకీ దూరం పెరిగేకొద్దీ పాఠకుడికి భారం పెరుగుతుందని ఎడ్వర్డ్ గిబ్సన్ 1998లో సిద్ధాంతం చేశాడు. అది ఇంగ్లీషుకి బాగా కుదిరింది. కానీ 2000లో జర్మన్ వాక్యాల మీద లార్స్ కోనీచ్నీ, తర్వాత హిందీ మీద శ్రవణ్ వశిష్ఠ్ చేసిన ప్రయోగాల్లో దీనికి ఎదురు ఫలితాలు వచ్చాయి. క్రియకి ముందు ఎక్కువ సమాచారం ఉన్నచోట ఆఖరి క్రియని జనం ఇంకా తొందరగా చదివారు. కారణం ఊహ. ముందు వచ్చిన మాటలన్నీ రాబోయే క్రియ ఏదో సూచిస్తూ వస్తాయి. హిందీలాగే తెలుగూ క్రియ చివర వచ్చే భాషే కాబట్టి ఈ సంగతి మనకీ వర్తించే అవకాశం ఎక్కువ. ‘చేపలు తోమి, ఉప్పూ పసుపూ పట్టించి, చింతపండు పులుసులో మామిడికాయ ముక్కలు వేసి’ అని ఎంతదూరం పోయినా పాఠకుడు ఆయాసపడడు, చివర పొయ్యి మీద పెట్టడమే ఉందని తెలుసు. చిక్కు పెంచలయ్య వాక్యంలాంటి వాటితో. అక్కడ ప్రతి మాటా పాఠకుడి ఊహని తలకిందులు చేస్తుంది.

సర్వనామాల దగ్గర ఇంకో తిరకాసు. 1980లో డేన్‌మన్, కార్పెంటర్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక పరీక్ష పెట్టారు. వరుసగా వాక్యాలు పైకి చదువుతూ ప్రతి వాక్యంలోని చివరి మాట గుర్తుపెట్టుకోవాలి. కొందరు రెండు వాక్యాలకే చేతులెత్తేస్తే కొందరు అయిదు దాకా లాక్కొచ్చారు. ఈ పరీక్షలో వెనకబడినవాళ్ళు, కథలో ‘అతను’ అంటే ఎవరో చెప్పాల్సి వచ్చినప్పుడు, ఆ మనిషి పేరు నాలుగైదు వాక్యాల వెనక ఉంటే తప్పారు. మన భాషలో అసలు సర్వనామమే పెట్టకుండా వదిలేస్తాం. ‘వచ్చింది’ అంటే కోడలు రావచ్చు, అత్త రావచ్చు, ఉదయగిరి బస్సు రావచ్చు, వీధికుక్క రావచ్చు. ఇద్దరు ఆడవాళ్ళున్న సన్నివేశంలో ‘వచ్చింది, కూర్చుంది, ఏడ్చింది’ అని క్లుప్తంగా రాశానని రచయిత మురిసిపోతాడు. చదివేవాళ్ళు వెనక్కి వెళ్ళి ఏడ్చింది ఎవరో చూసుకుంటారు. క్లుప్తత పేరుతో జరిగే దుబారా ఇదే.

పేర్ల దగ్గర విషయం ఇంకా రసవత్తరంగా ఉంటుంది. 1964లో ఆర్. కాన్రాడ్ ఇంగ్లీషు అక్షరాలని తెర మీద చూపించి గుర్తుపెట్టుకోమన్నాడు. చూసింది కళ్ళతోనే అయినా తప్పులు మాత్రం శబ్దాన్ని బట్టి వచ్చాయి. బీని వీగా, పీగా పొరబడ్డారు. లోపల గొంతుతో తిప్పుకుంటాం కాబట్టి ఒకేలా వినపడేవి కలిసిపోతాయి. ఒకే కథలో సుబ్బారెడ్డి, సుబ్బరామయ్య, సుబ్బరత్నమ్మ ఉంటే రెండో పేజీకల్లా ఎవరి పొలం ఎవరు కలుపుకున్నారో పాఠకుడికి తెలియదు. నిజజీవితంలో ఒకే ఊళ్ళో పాతికమంది సుబ్బయ్యలు ఉండటం సహజం, ఆ సహజత్వం కోసం కథలో ముగ్గుర్ని పెట్టడం మొండితనం. ఊళ్ళో జనానికి ఆ ఇబ్బంది ఎప్పుడో తెలుసు. అందుకే చెరువుకట్ట సుబ్బయ్య, మిల్లు సుబ్బయ్య అని ముందు ఒక ఆనవాలు తగిలిస్తారు.

పేరు బరువు పెంచినట్టే తగ్గించగలదు కూడా. మిల్లర్ చెప్పిన ఏడు, కోవన్ చెప్పిన నాలుగు అంశాలంటే అక్షరాలో మాటలో కానక్కర్లేదు. తెలిసినవాళ్ళకి ఒక అంశంలో ఎంతైనా మూట కట్టొచ్చు. పెంచలయ్య అన్న పేరు చదవగానే నెల్లూరు పాఠకుడికి పెంచలకోన నరసింహస్వామి, రాపూరు వైపు కొండలు, ఆ ఇలవేల్పుని కొలిచే ఇళ్ళు ఒక్కసారిగా వస్తాయి. మాలకొండయ్య అంటే కందుకూరు, పామూరు వైపు మనిషని, వాళ్ళ పెద్దవాళ్ళు మాలకొండకి మొక్కుకున్నారని చెప్పకుండానే తెలుస్తుంది. రచయితకి ఒక్క మాట ఖర్చు, పాఠకుడికి పలక మీద ఒక్క గడి. ‘మేనమామ’ అన్నా అంతే. పెళ్ళి సంబంధాల దగ్గర నుంచి చెవులు కుట్టించేటప్పుడు ఒడిలో కూర్చోబెట్టుకోవడం దాకా అందులో మూటకట్టి ఉంటుంది. కథ చిన్నదిగా ఉండగలిగేది పాఠకుడి జ్ఞాపకం చిన్నదైనందుకు కాదు, పాఠకుడి దగ్గర ఇంత పెద్ద దీర్ఘకాలిక జ్ఞాపకం ముందే ఉన్నందుకు.

ఆ మూట లేని పాఠకుడికి ఏమవుతుందో కేంబ్రిడ్జ్‌లో ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ 1932లో ప్రచురించిన పరిశోధనలో ఉంది. అమెరికా ఆదివాసుల కథ ఒకటి ఇంగ్లీషు చదువరుల చేత చదివించి, కొంతకాలానికి మళ్ళీ మళ్ళీ చెప్పించాడు. చెట్టుమానుతో చేసిన పడవ మామూలు బోటు అయింది, సీల్ జంతువుల వేట చేపల వేటగా మారింది, దయ్యాలు కొందరి నోట మాయమే అయిపోయాయి. తమకి తెలిసినదానిలోకి కథని ఒదిగించుకున్నారు. నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండుగ మీద ఒక కథ రాస్తే ఇదే జరుగుతుంది. స్వర్ణాల చెరువులో నీళ్ళలో నిలబడి, కోరిక తీరినవాళ్ళు ఇచ్చే రొట్టె కోరిక ఉన్నవాళ్ళు పట్టుకోవడం, ఉద్యోగం రొట్టె, పెళ్ళి రొట్టె, ఇంటి రొట్టె అని వేటికవే ఉండటం ఇక్కడివాళ్ళకి వివరించనక్కర్లేదు. ఎక్కడో దూరాన చదివినవాళ్ళు నెల తర్వాత ఆ కథ చెబితే, రొట్టె కాస్తా దర్గాలో పంచే ప్రసాదమైపోయే అవకాశం ఎక్కువ. తీసుకున్న రొట్టెని కోరిక తీరాక తిరిగి తెచ్చి ఇవ్వాలన్న అప్పు ముడి, కథకి ఆయువుపట్టయిన ముడి, జారిపోతుంది. ఆ ముడిని రచయిత కథ మధ్యలో కాక మొదట్లోనే పాఠకుడి చేతికివ్వాలి. బ్రాన్స్‌ఫర్డ్, జాన్సన్ 1972లో చూపించింది కూడా ఇదే. బట్టలు ఉతకడం గురించిన ఒక పేరాని, విషయం పేరు ముందే చెప్పి చదివిస్తే జనానికి బాగా గుర్తుంది. చదివాక చెబితే లాభం లేకపోయింది.

మాటలు చెరిగిపోతే మరి మిగిలేదేమిటి? పరిశోధకులు దాన్ని సన్నివేశ నమూనా అంటారు. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు, ఏం కావాలని అనే ఈ అయిదింటినీ పాఠకుడు లోపల ఎప్పటికప్పుడు సవరించుకుంటాడని రోల్ఫ్ జ్వాన్ బృందం 1995లో ప్రతిపాదించింది. అంతకు ముందు 1987లో గ్లెన్‌బర్గ్ బృందం చేసిన ప్రయోగం చిన్నదే గానీ ముచ్చటైనది. జాన్ అనే అతను స్వెట్‌షర్ట్ వేసుకుని పరుగుకి బయల్దేరాడని కొందరికి, స్వెట్‌షర్ట్ విప్పేసి బయల్దేరాడని కొందరికి చదివించారు. తర్వాత స్వెట్‌షర్ట్ అన్న మాట చూపిస్తే, వేసుకున్నాడని చదివినవాళ్ళే తొందరగా గుర్తుపట్టారు. ఆ మాట రెండు పాఠాల్లోనూ ఒకే చోట, ఒక్కసారే ఉంది. తేడా అంతా బట్ట మనిషితో పాటు వెళ్ళిందా, ఇంట్లో ఉండిపోయిందా అన్నదే. పాఠకుడు కాగితాన్ని కాదు, మనిషిని అనుసరిస్తున్నాడు.

కాలం దగ్గరా అంతే. ‘కాసేపటికి’ అని రాసినచోట కన్నా ‘గంట తర్వాత’ అని రాసినచోట చదవడం కాస్త నెమ్మదిస్తుందని జ్వాన్ 1996లో కొలిచాడు. ఆ గెంతు తర్వాత, ముందు జరిగినదాన్ని గుర్తుచేసుకోవడం కూడా ఆలస్యమవుతుంది. పేజీ మధ్యలో మూడు చుక్కలు పెట్టి ‘అయిదేళ్ళు గడిచాయి’ అనడం రచయితకి తేలిక, పాఠకుడికి ఇల్లు ఖాళీ చేసి ఇంకో ఇంట్లో దిగినంత పని. చిన్న కథలో అలాంటివి నాలుగు పెట్టినప్పుడు కథ నవలకి సంక్షిప్త రూపంలా అనిపించేది ఇందుకేనేమో.

అన్నిటికన్నా కథకులకి పనికొచ్చేది ఆల్‌బ్రెక్ట్, ఓబ్రయన్ 1993లో ప్రచురించిన ప్రయోగం. మేరీ అనే ఆవిడ శాకాహారి అని మొదట్లో చెబుతారు. తర్వాత ఆ ఊసు లేకుండా కొన్ని వాక్యాలు నడుస్తాయి. ఆ పైన మేరీ చీజ్‌బర్గర్ ఆర్డర్ చేస్తుంది. ఆ వాక్యం దగ్గర పాఠకుల వేగం తగ్గింది. మేరీ శాకాహారి అన్న సంగతి అప్పటికి పలక మీద లేదు, ఎప్పుడో చెరిగిపోయింది. అయినా తిండి మాట రాగానే దీర్ఘకాలిక జ్ఞాపకంలోంచి అదంతట అదే లేచి వచ్చింది. పాఠకుడు వెతకలేదు.

దీన్ని మన కథలో పెట్టి చూస్తే: మొదటి పేజీలో ‘కోటమ్మ శనివారం నీచు ముట్టదు’ అని ఒక్క వాక్యం. తర్వాత కోర్టు కేసు, కొడుకు బెంగుళూరు నుంచి రావడం, పొలం గట్టు తగాదా. నాలుగో పేజీలో ‘శనివారం పొద్దున కబురు తెలిసింది. కోటమ్మ చేపల పులుసు గిన్నె ముందుకు లాక్కుని ముద్ద కలిపింది.’ ఇక ఆమె మనసులో ఏముందో రాయనక్కర్లేదు. కానీ రెండో చోట ‘శనివారం’ అన్న మాట తీసేసి ‘వారం ఆఖర్న’ అని రాస్తే, లేదా చేపల పులుసు బదులు ‘భోజనం’ అంటే, పిలుపు అందాల్సిన చోటికి అందదు. మొదట దాచినదాన్ని పాఠకుడు గుర్తుపెట్టుకోవాలని మూడుసార్లు నూరిపోసే రచయితలు ఎక్కువ. ఒక్కసారి చెప్పి, తిరిగి పిలిచేటప్పుడు అదే మాటతో పిలిచేవాళ్ళు తక్కువ. పరిశోధన ఈ రెండోవాళ్ళ పక్షాన ఉంది.

మెదడులో ఇదంతా ఒకే చోట జరగదు. 2011లో యూలియా లెర్నర్, ఊరీ హాసన్ బృందం ఏడు నిమిషాల కథ ఒకటి వినిపిస్తూ, మెదడులో ఏ భాగం ఎప్పుడు పనిచేస్తోందో చూపే ఎఫ్‌ఎంఆర్‌ఐ స్కాన్ తీసింది. ఆ కథనే మాటలు తారుమారు చేసి, వాక్యాలు తారుమారు చేసి, పేరాలు తారుమారు చేసి కూడా వినిపించారు. శబ్దాన్ని మొదట అందుకునే భాగాలు ఎలా వినిపించినా ఒకే తీరుగా స్పందించాయి. ఇంకొన్ని భాగాలకి వాక్యం చెడకూడదు. పై స్థాయి భాగాలు కొన్ని, పేరాలు సరైన వరుసలో ఉంటే తప్ప వినేవాళ్ళందరిలో ఒకేలా పనిచేయలేదు. ఒక్కో భాగానికి ఒక్కో పొడవు కిటికీ ఉందన్నమాట. స్వల్పకాలికం, దీర్ఘకాలికం అని రెండే అరలు గీసుకోవడం బోధనకి సౌకర్యమే గానీ, కథ వినే మెదడు మధ్యలో చాలా మెట్లు వాడుతోంది.

కథ ఒక్కసారి కూర్చుని చదివేసేలా ఉండాలన్నది 1842లో అమెరికన్ రచయిత ఎడ్గార్ అలన్ పో పెట్టిన నియమం. అరగంట నుంచి ఒకటి రెండు గంటలన్నాడు. మధ్యలో లోకం జొరబడితే ప్రభావం చెదిరిపోతుందని ఆయన బాధ. జ్ఞాపకం వరకు చూస్తే ఆ భయం అనవసరం. ముర్రే గ్లాంజర్ బృందం 1980ల్లో, వాక్యానికీ వాక్యానికీ మధ్య వేరే పని పెట్టి చదువుని ఆపించింది. మళ్ళీ మొదలుపెట్టిన మొదటి వాక్యం దగ్గర సెకనులో కొంత భాగం ఆలస్యమైందే తప్ప అర్థం చేసుకోవడం చెడలేదు. సింగరాయకొండలో పల్లీలవాడు ఎక్కినా, ఫోన్ మోగినా కథ పోదు. రసం చెదరడం వేరే సంగతి, దాన్ని స్టాప్‌వాచ్‌తో కొలవలేం.

ఈ ఫలితాలన్నిటినీ దృష్టిలో పెట్టుకునే 1995లో ఆండర్స్ ఎరిక్సన్, వాల్టర్ కింట్ష్ ఒక ప్రతిపాదన చేశారు. బాగా తెలిసిన రంగంలో మనిషి దీర్ఘకాలిక జ్ఞాపకాన్నే వర్కింగ్ మెమరీలా వాడుకుంటాడని, పలక మీద ఉండేది దాన్ని బయటికి లాగే కొస మాత్రమేనని. అంతకు ముందే ఎరిక్సన్ బృందం 1980లో ఒక కాలేజీ కుర్రాడి చేత సుమారు 230 గంటల సాధన చేయించి, ఏడు అంకెల దగ్గర ఉన్నవాణ్ణి దాదాపు 80 అంకెల దాకా తీసుకెళ్ళింది. అతను పరుగుపందాల మనిషి, అంకెల్ని పరుగు సమయాలుగా మార్చుకునేవాడు. అంకెలు తీసేసి అక్షరాలిస్తే మళ్ళీ మొదటికే వచ్చాడు. తెలుగువాళ్ళకి ఇందులో ఆశ్చర్యపడాల్సింది తక్కువ. అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులు వంతులవారీగా అడుగుతుంటే, ఒక్కో వంతుకి ఒక్కో పాదం చొప్పున పద్యాలు పెంచుకుంటూ వచ్చి, చివర ధారణలో అన్నీ అప్పజెప్పడం మన సభల్లో ఇప్పటికీ జరిగేదే. గణాలు, యతి, ప్రాస ప్రతి పాదానికీ కొసలు కట్టి ఉంచుతాయి. వచన కథకి ఛందస్సు లేదు. దాని కొసలు పేర్లూ, వస్తువులూ, కార్యకారణాలే.

ఈ విషయాలని తెలుగు కథ మీద పరీక్షించడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. ఒంగోలులోనో కావలిలోనో ఒక డిగ్రీ కాలేజీ కంప్యూటర్ ల్యాబు చాలు. కథని తెర మీద ఒక్కో వాక్యంగా చూపించి, చదివాక స్పేస్‌బార్ నొక్కమంటే ప్రతి వాక్యానికీ పట్టిన సమయం నమోదవుతుంది. కోటమ్మ కథనే రెండు రకాలుగా రాయాలి. సగం మందికి ‘నీచు ముట్టదు’ అన్న వాక్యం ఉంటుంది, సగం మందికి దాని బదులు అంతే పొడవున్న ఇంకో వాక్యం. పులుసు వాక్యం దగ్గర మొదటి గుంపు ఎంత ఆగిందో చూస్తే చాలు. ఆ రెండు వాక్యాల మధ్య దూరాన్ని అయిదు పేరాల నుంచి పదిహేనుకి పెంచితే ఆగడం తగ్గుతుందా అన్నది తర్వాతి ప్రశ్న. ఇంకో జత, సంభాషణలన్నీ నెల్లూరు యాసలో ఒకటి, పత్రికల తెలుగులో ఒకటి. దీన్ని ఉదయగిరి, కనిగిరి వైపు పిల్లలతో పాటు శ్రీకాకుళం పిల్లలకీ ఇవ్వాలి. శ్రీకాకుళం వాళ్ళు మొదటి పేజీలో ‘పోతా ఉండావా’ దగ్గర నెమ్మదించడం ఖాయమనుకోవచ్చు. అసలు చూడాల్సింది మూడో పేజీ. అక్కడికి ఆ తేడా కరిగిపోతే, యాస ఎక్కువైతే బయటి జిల్లాలవాళ్ళకి అర్థం కాదని కథల్ని తిప్పి పంపే సంపాదకుల టెన్షన్‌కి విలువ ఎన్ని సెకన్లో తేలిపోతుంది.